మోకాలి నొప్పికి లేజర్ పెడదామంటున్నారు, పెట్టించమంటారా?

ఉద్దానం_కొబ్బరి
మా అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయని ఎక్స్‌రే చూసి చెప్పారు. వయసు అరవై దాటింది. మాది కవిటి దగ్గర పల్లె, ఉద్దానంలో ఊరూరా ఉండే కిడ్నీ జబ్బు కథ మన శ్రీకాకుళం జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. కిడ్నీ డాక్టరు గారు నొప్పి బిళ్ళలు ముట్టుకోవద్దని, ఊళ్ళో ఆర్ఎంపీ చేత డైక్లో సూదులు అసలు వేయించుకోవద్దని గట్టిగా చెప్పారు. మరి నొప్పికి ఏం చెయ్యాలి? శ్రీకాకుళంలో ఒక ఫిజియో సెంటరుకి తీసుకెళ్తే "లేజర్ పెడదాం, కోత లేదు, మందు లేదు, గుజ్జు మళ్ళీ పెరుగుతుంది, సిట్టింగులన్నిటికీ ముందే కట్టేస్తే తగ్గిస్తాం" అన్నారు. మా బావేమో అది కరెంటు పెట్టడం లాంటిదే, డబ్బు దండగ అంటున్నాడు. మా చెల్లి యూట్యూబ్ చూసి అందరికీ తగ్గిపోయిందంటోంది. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. పెట్టించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

నాగావళి_గట్టు
ఓలమ్మ, లేజర్ అంటే మొలలకి సేసేదనుకున్నాను నాను. మోకాలికి కూడా పెట్టీస్తన్నారేటి?

రాజాం_రైడర్
మొలలకి, కాళ్ళలో ఉబ్బిన నరాలకి పెట్టేది కాల్చే లేజర్ గట్టన్నా. ఇది వేరు. ముందు పూర్తిగా చదివి తర్వాత నవ్వు.

జీడిబద్ద_పలాస
ముందే కట్టించుకునే చోటికి వెళ్ళకు తమ్ముడూ. నా మాట ఇంతే.

ఫిజియో_కోట
విజయనగరంలో ఫిజియోని. మా దగ్గర లేజర్ మెషిన్ ఉంది, దాని మీద నాకు ఆదాయం వస్తుంది. అందుకని నా మాటల్లో కొంత తీసేసి వినండి.

మొదట మీ బావగారి మాట. కరెంటు పెట్టడం అని మనవాళ్ళు అనేది ఐఎఫ్‌టీ, లేకపోతే టెన్స్. ప్యాడ్లు అంటించి చిన్నపాటి కరెంటు పంపుతారు, జివ్వుమంటుంది. లేజర్‌లో ఒంట్లోకి వెళ్ళేది వెలుగు ఒక్కటే. తరంగం పొడవు 600 నుంచి 1000 నానోమీటర్ల మధ్య ఉండే ఎరుపు, దాని పక్కనే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వాడతారు. ఈ మేరలో వెలుగుని రక్తం, ఒంట్లో నీరు తక్కువగా పీల్చుకుంటాయి, అందుకే చర్మం దాటి కొంత లోపలికి దిగుతుంది. ఎరుపు పైపైనే ఆగిపోతుంది, పుళ్ళకి అది చాలు. కీళ్ళకి దాదాపు 800, ఆ పైన ఉన్నవి కావాలి.

లోపలికి వెళ్ళి ఏం చేస్తుందంటే, మన కణాల్లో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంది. ఆ వెలుగుని అది పట్టుకుంటుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. దెబ్బతిన్న కణంలో ఆ ఎంజైముకి నైట్రిక్ ఆక్సైడ్ అతుక్కుని పని ఆపుతూ ఉంటుంది. వెలుగు తగిలితే అది విడిపోతుంది, కణం మళ్ళీ ఆక్సిజన్ వాడుకుని తనకి శక్తినిచ్చే ఏటీపీని ఎక్కువ చేసుకుంటుంది. విడిపోయిన నైట్రిక్ ఆక్సైడ్ సన్న రక్తనాళాల్ని తెరుస్తుంది. వాపు పెంచే రసాయనాలు తగ్గుతాయి. నొప్పి కబురు మోసే సన్న నరాల వేగం కూడా కాసేపు మందగిస్తుంది. కొందరికి టేబుల్ దిగేసరికే తేలిగ్గా అనిపించేది దీనివల్లే. పుండు మానడం, వాపు తీయడం లాంటివి నెమ్మది మీద జరుగుతాయి.

గుజ్జు మళ్ళీ పెరుగుతుందన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. మనుషుల్లో అరిగిపోయిన మోకాలి గుజ్జుని లేజర్ తిరిగి తెచ్చిందనడానికి రుజువు లేదు. నొప్పి తగ్గొచ్చు, నడక కొంచెం మెరుగవ్వొచ్చు. అంతవరకే.

ఉద్దానం_కొబ్బరి
ఇంత వివరంగా ఆ సెంటర్లో ఎవరూ చెప్పలేదండీ. మరి కిడ్నీకి ఇబ్బంది ఉండదు కదా?

ఫిజియో_కోట
మోకాలి మీద పెట్టిన వెలుగు కిడ్నీ దాకా పోదు. రక్తంలో కలిసేదీ లేదు, కిడ్నీ వడకట్టాల్సిందీ లేదు. నొప్పి బిళ్ళలతో గొడవ వేరు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల్ని అడ్డుకుంటాయి. కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి అవే. ముందే నీరసించిన కిడ్నీకి ఆ రక్తం కూడా తగ్గిపోతే ఇంకేం మిగులుతుంది? మీ కిడ్నీ డాక్టరు చెప్పింది అక్షరాలా పాటించండి. పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో కూడా ఆయన్నే అడగండి.

నాగావళి_గట్టు
మా ఊరి ఆర్ఎంపీ ఏ నొప్పికైనా రెండు సూదులు పొడిసీసి పంపేత్తాడు. వొకటి డైక్లో, రెండోది రంగునీళ్ళు. జనం రెండోదానికే తగ్గిందంటారు.

చీపురుపల్లి_మాస్టారు
ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరుకోలేను. మొదటి లేజర్ 1960లో అమెరికాలో మైమన్ చేశాడు, కెంపు కడ్డీతో. ఏడేళ్ళకి, 1967లో, హంగేరీలో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు ఎలకల వీపు మీద బొచ్చు గొరిగి కెంపు లేజర్ వేశాడు. దీనివల్ల కేన్సర్ వస్తుందా అని చూడ్డం ఆయన ఉద్దేశం. కేన్సర్ రాలేదు. లేజర్ వేసిన ఎలకలకి బొచ్చు తొందరగా మొలిచింది! తర్వాత మానని పుళ్ళ మీద వాడి చూశాడు. ఈ వైద్యమంతా అక్కడ మొదలైందే.

నాగావళి_గట్టు
మాస్టారూ, నా నెత్తి మీద కూడా ఓ సిట్టింగు వెయ్యమని సెప్పండి. మోకాలు తరవాత సూసుకుందాం.

చీపురుపల్లి_మాస్టారు
నవ్వకు, జుట్టుకి అలాంటి దువ్వెనలు, టోపీలు అమ్ముతూనే ఉన్నారు. నీ నెత్తి చూడకుండా హామీ ఇవ్వలేను.

వీణతీగ_బొబ్బిలి
ఫిజియో గారు చెప్పిన మైటోకాండ్రియా కథ బాగుంది. కానీ కణంలో జరిగేది వేరు, మనిషి మెట్లు ఎక్కగలగడం వేరు. బ్రిటన్‌లో ఏ వైద్యానికి ప్రభుత్వం డబ్బు పెట్టాలో చెప్పే నైస్ సంస్థ 2022లో కీళ్ళ అరుగుదల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో టెన్స్, అల్ట్రాసౌండ్, ఐఎఫ్‌టీతో పాటు లేజర్ కూడా ఇవ్వొద్దని రాశారు. కారణం, లాభం ఉందనడానికి ఆధారం చాలదని. మన ఊళ్ళ ఫిజియో సెంటర్లలో సగం మెషిన్లు ఆ జాబితాలోనే ఉన్నాయి. వాళ్ళు ముందు చెయ్యమన్నది వ్యాయామం, బరువు ఎక్కువుంటే తగ్గడం.

ఫిజియో_కోట
నిజమే, ఆ కాగితం నేనూ చూశాను. రెండో వైపు కూడా ఉంది. 2019లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో మోకాలి అరుగుదల మీద 22 పరిశోధనల్ని కలిపి చూశారు. అసలు లేజర్ పెట్టినవాళ్ళకి ఉత్తుత్తి లేజర్ పెట్టినవాళ్ళకంటే నొప్పి తగ్గింది, అయితే సరైన డోసు ఇచ్చిన చోటే. జౌలు అంటే లోపలికిచ్చే వెలుగు శక్తి కొలత. 785 నుంచి 860 నానోమీటర్లయితే ఒక్కో పాయింటుకి, అంటే లేజర్ ఆనించే ఒక్కో చోటికి, 4 నుంచి 8 జౌళ్ళు, 904 అయితే 1 నుంచి 3 జౌళ్ళు. మెడ నొప్పికి 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇలాంటిదే వచ్చింది, పాత మెడనొప్పి ఉన్నవాళ్ళకి వైద్యం ఆపేశాక కూడా 22 వారాల దాకా ఉపశమనం నిలిచిందని. నడుం నొప్పికైతే అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2017లో మందులకంటే ముందు చూడదగ్గ వాటిలో లేజర్‌నీ చేర్చింది. ఆధారం బలహీనమేనని వాళ్ళే ఒప్పుకున్నారు.

వీణతీగ_బొబ్బిలి
తగ్గితే లేజర్ గొప్ప, తగ్గకపోతే డోసు చాల్లేదు. ఇలా అయితే ఈ వాదన ఎప్పటికైనా ఓడిపోతుందా ఫిజియో గారూ?

ఫిజియో_కోట
మంచి దెబ్బే. అయితే ఆ డోసు గీత ఫలితాలు చూసి గీసింది కాదండీ, ఈ రంగంలో ఉన్న అంతర్జాతీయ సంఘం అంతకుముందే ప్రకటించింది. డోసు ఎక్కువైనా పని చెయ్యదు, ఇది ల్యాబులో కూడా కనపడిన విషయం. వరికి నీళ్ళలాంటిది, తక్కువైతే ఎండుతుంది, ముంచేస్తే కుళ్ళుతుంది.

రాజాం_రైడర్
ఉత్తుత్తి లేజర్ అంటే ఏంటి? మనిషికి తెలిసిపోదా?

ఫిజియో_కోట
తెలీదు, అదే ఇందులో సౌలభ్యం. ఇన్‌ఫ్రారెడ్ కంటికి కనపడదు, తక్కువ పవర్ దానిలో వేడి కూడా తెలీదు. మెషిన్ బీప్‌మంటుంది, బల్బు వెలుగుతుంది, లోపల వెలుగు ఆపేసి ఉంటుంది. పెట్టేవాడికి కూడా తెలీకుండా చెయ్యొచ్చు. కరెంటు ప్యాడ్లతో ఇలా మోసం చెయ్యడం కష్టం, జివ్వుమనకపోతే పట్టేస్తారు.

నాగావళి_గట్టు
అంటే మా ఆర్ఎంపీ రంగునీళ్ళ సూది కూడా పరిశోధనేనన్నమాట.

సన్నఖద్దరు_పొందూరు
మా అమ్మ అనుభవం చెప్తాను. చిన్నప్పట్నుంచీ రాట్నం మీద కూర్చున్న మనిషి. మా దగ్గర నూలు ఎంత సన్నమో మీకు తెలుసు, వాలుగు చేప దవడతో పత్తి దువ్వడం దగ్గర్నుంచి అంతా చేత్తోనే. బొటనవేలు మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి పట్టుకుంది. చెంబు ఎత్తలేకపోయేది. ఫిజియో లేజర్ పెట్టాడు, ఒక పట్టీ ఇచ్చి బొటనవేలు కదలకుండా కట్టుకోమన్నాడు, కొన్నాళ్ళు రాట్నం ఆపమన్నాడు. తగ్గింది. ఇప్పుడు మళ్ళీ వడుకుతోంది. కానీ లేజర్‌కి తగ్గిందా, పట్టీకి తగ్గిందా, చెయ్యి ఊరుకోబెట్టడానికి తగ్గిందా అంటే నేను చెప్పలేను. అమ్మ మాత్రం "ఆ ఎర్ర దీపమే" అంటుంది, చుట్టుపక్కల వాళ్ళందరికీ అదే ప్రచారం.

వీణతీగ_బొబ్బిలి
పొందూరక్క పోస్టు నచ్చింది. ఎవరికైనా ఇంతే, మూడు వైద్యాలు కలిపి చేస్తే పేరు మెరిసేదానికి వస్తుంది.

జీడిబద్ద_పలాస
పైన వద్దన్నది డబ్బు గురించి ఒక్కటే కాదు, ఇంకో కారణం కూడా ఉంది. మా చిన్నాన్న కొడుక్కి నడుం నొప్పి. ఒక సెంటర్లో పెద్ద పవర్ లేజర్ పెట్టారు. పెట్టే కుర్రాడు ఫోన్‌లో మాట్లాడుతూ గన్ను ఒకే చోట ఉంచేశాడు. వీడు మండుతోందంటే "అలాగే ఉంటుంది సార్, పని చేస్తోందని గుర్తు" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే రూపాయి బిళ్ళంత బొబ్బ! నడుం నొప్పి కాదు కదా, వెల్లకిలా పడుకోడానికి లేకుండా పోయింది.

ఇంకో మాట. మా ఇంట్లో ఆడవాళ్ళు జీడి ఫ్యాక్టరీలో పని చేశారు. రోజంతా కిందే కూర్చుని పిక్కలు కొట్టడం. మధ్యాహ్నం లేజర్ పెట్టించుకుని మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే పీట మీద కూర్చుంటే ఏ వెలుగు మాత్రం ఏం చేస్తుంది? ఎత్తుబల్ల పెట్టించుకుంటే ఆ డబ్బులో సగానికి వస్తుంది.

ఫిజియో_కోట
ఆ బొబ్బ తప్పు మెషిన్‌ది కాదు, పట్టుకున్న చేతిది. లేజర్లలో రెండు రకాలు వాడతాం. క్లాస్ 3బీ అంటే అర వాటు లోపు, అంటే 500 మిల్లీవాట్లకి మించదు. దీన్ని ఒక పాయింటు మీద ఆనించి ఉంచొచ్చు, వేడి తెలీదు. క్లాస్ 4 అంటే అంతకు మించినది, కొన్ని పది వాట్లు పైనే ఉంటాయి. దాన్ని కదుపుతూనే ఉండాలి, ఆపితే కాలుతుంది. మన ఒంటి రంగుకి ఇంకా జాగ్రత్త కావాలి, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎంత ఎక్కువుంటే వెలుగు అంత పైనే వేడిగా మారిపోతుంది. పచ్చబొట్టు మీద అసలు వద్దు. మండుతోందని మనిషి చెప్తే ఆపాలి, అంతే, దానికి గుర్తూ గిర్తూ లేదు.

జౌళ్ళ లెక్క ఎవరైనా చెయ్యొచ్చు. వాట్లని సెకన్లతో గుణించడమే. 100 మిల్లీవాట్ల ప్రోబు, అంటే ఒంటికి ఆనించే లేజర్ మొన, 40 సెకన్లు ఉంచితే 4 జౌళ్ళు. మోకాలి కీలు చుట్టూ అలాంటి పాయింట్లు చాలా పెట్టాలి. రెండు నిమిషాల్లో మోకాలి మీద ఇలా తిప్పి "అయిపోయింది, రేపు రండి" అంటే ఆ ప్రోబుతో ఎన్ని జౌళ్ళు వచ్చాయో మీరే వేసుకోండి.

చీపురుపల్లి_మాస్టారు
ఇన్నాళ్ళకి పదో తరగతి లెక్క ఒకటి పనికొచ్చింది.

రాజాం_రైడర్
నేను ఆన్‌లైన్‌లో ఎర్ర లైటు బెల్టు ఒకటి కొన్నాను, లేజర్ అనే రాసి ఉంది. పవర్ ఎంతో ఎక్కడా లేదు. పనికొస్తుందా?

వీణతీగ_బొబ్బిలి
చాలావరకు అలాంటివి ఎల్ఈడీలు. ఎల్ఈడీ కూడా పని చెయ్యొచ్చు, వెలుగు వెలుగే. కానీ నానోమీటర్లు, మిల్లీవాట్లు రాయనివాడు ఏం అమ్ముతున్నాడో వాడికే తెలీదు.

నాగావళి_గట్టు
పైడితల్లమ్మ జాతరలో అమ్మే లేజర్ లైటు కొన్నాను నాను. పిల్లి ఎగురుతుంది గానీ మా అవిడ మోకాలు కదల్లేదు.

ఫిజియో_కోట
ఆ జాతర లైటు కళ్ళలోకి కొట్టుకోకండి బాబూ. చికిత్స లేజర్‌కి అసలు ప్రమాదం కళ్ళకే. కనపడని ఇన్‌ఫ్రారెడ్ వస్తే రెప్ప కూడా పడదు, కంటి లోపలి పొర రెటీనా కాలిపోతుంది. అందుకే పెట్టేవాళ్ళకీ పెట్టించుకునేవాళ్ళకీ ఇద్దరికీ ఆ నానోమీటర్లకి సరిపడే కళ్ళద్దాలుండాలి. మామూలు నల్ల కళ్ళద్దాలు చాలవు. కొబ్బరి గారూ, మీరు వెళ్ళిన చోట అద్దాలు ఇస్తారో లేదో చూశారా?

ఉద్దానం_కొబ్బరి
లేదండీ, ఆ గదిలో ఇంకొకరికి పెడుతుంటే చూశాను, ఎవరికీ లేవు.

ఫిజియో_కోట
అయితే అక్కడికి వెళ్ళకండి. మిగతా ప్రశ్నలు కూడా అక్కర్లేదు.

టెక్కలి_అప్ప
మోకాళ్ళ మాట ఎలా ఉన్నా నా అనుభవం ఒకటి రాస్తాను. మా అత్తగారు అడ్డపొగ తాగేవారు. బయట ఊళ్ళ పిల్లలకి తెలీదేమో, చుట్ట వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం. మన జిల్లాలో పాత తరం ఆడవాళ్ళు చాలామంది ఇలాగే తాగేవారు. అంగిట్లో కేన్సర్ వచ్చింది. వైజాగులో రేడియేషన్ ఇచ్చారు. మొదలుపెట్టాక నోరంతా పూసిపోయి గంజి కూడా దిగేది కాదు, మంచినీళ్ళు తాగితే ఏడ్చేవారు. అక్కడి పళ్ళ డాక్టరమ్మ నోట్లో చిన్న లేజర్ పెట్టడం మొదలుపెట్టింది. పుళ్ళు పూర్తిగా పోలేదు గానీ గంజి, తర్వాత మెత్తగా కలిపిన అన్నం దిగాయి. గొట్టం వెయ్యకుండా గట్టెక్కాం. మొదటి రోజు నుంచే పెట్టి ఉంటే ఇంత పూసేది కాదని ఆవిడే చెప్పింది. ఎవరింట్లోనైనా ఈ అవసరం వస్తే రేడియేషన్ మొదలవ్వకముందే అడగండి.

వీణతీగ_బొబ్బిలి
అప్పా, ఇక్కడ నేను కూడా లేజర్ పక్షమే. కేన్సర్ వైద్యంతో వచ్చే నోటిపూతకి లేజర్ వాడొచ్చని అదే నైస్ సంస్థ 2018లో చెప్పింది. కేన్సర్ రోగుల సహాయ వైద్యం మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం కూడా పూత రాకుండా ముందే ఇవ్వమంటోంది. మొత్తం లేజర్ వైద్యంలో గట్టి ఆధారం ఉన్న చోటు ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. మోకాళ్ళకి దొరికే ప్రచారంలో పదో వంతు కూడా దీనికి లేదు.

రాజాం_రైడర్
కేన్సర్ ఉన్నవాళ్ళకి లేజర్ పెట్టకూడదని ఎక్కడో చదివానే?

ఫిజియో_కోట
గడ్డ ఉన్న చోట పెట్టకూడదు. నోటిపూతకి పెట్టేటప్పుడు కేన్సర్ డాక్టరుతో మాట్లాడి, గడ్డ ఉన్న భాగం వదిలి పెడతారు. మాలాంటి ఫిజియో సెంటర్లో చేసే పని కాదు. కడుపుతో ఉన్నవాళ్ళకి పొట్ట మీద, నడుం మీద పెట్టం. థైరాయిడ్ మీద పెట్టం. ఎండ తగిలితే దద్దురు వచ్చే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

జీడిబద్ద_పలాస
మా నాన్నకి షుగర్, కాలి బొటనవేలు కింద పుండు మానట్లేదు. దానికి పని చేస్తుందా? మానని పుళ్ళతోనే మొదలైందని మాస్టారు రాశారు కదా.

ఫిజియో_కోట
పుండు మీద కొన్ని చిన్న పరిశోధనల్లో మంచి ఫలితాలున్నాయి. కానీ మీ నాన్నగారికి లేజర్ ఆలోచన చివర్లో చెయ్యండి. ముందు షుగర్ అదుపులో ఉందా, కాలికి రక్తం సరిగ్గా అందుతోందా, లోపల చీము ఎముక దాకా పోయిందా చూపించాలి. ఆ పుండు మీద బరువు పడకుండా చెప్పులు మార్చాలి. ఇవి వదిలేసి వెలుగు పెట్టుకుంటూ కూర్చుంటే వేలు పోతుంది. ఈ వారమే సర్జన్‌కి చూపించండి.

జీడిబద్ద_పలాస
సరే. రేపే తీసుకెళ్తాను.

నిర్వాహకుడు
సెంటర్ల పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను. పొగడ్త అయినా తిట్టు అయినా పేరు లేకుండా రాయండి.

ఉద్దానం_కొబ్బరి
చాలారోజుల తర్వాత వస్తున్నాను. ఆ సెంటరుకి ఫోన్ చేసి ఎన్ని నానోమీటర్లు, ఏ క్లాసు, పాయింటుకి ఎన్ని జౌళ్ళు అని అడిగాను. "మెషిన్‌లో మోకాలి ప్రోగ్రాం ఉంటుంది సార్, బటన్ నొక్కితే అదే చూసుకుంటుంది" అన్నారు. వద్దనుకున్నాం. ఇంకోచోట ఒకమ్మాయి అడిగినవన్నీ చెప్పింది, అద్దాలు పెట్టింది, ఏ రోజుకారోజే డబ్బు తీసుకుంది. లేజర్ పెట్టిన ప్రతిసారీ తొడ కండరం గట్టిపడే వ్యాయామాలు చేయించింది, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కడం, కుర్చీలోంచి చెయ్యి ఆనకుండా లేవడం. వ్యాయామం చెయ్యకపోతే లేజర్ పెట్టనని అమ్మని బెదిరించింది కూడా.

ఇప్పుడు రాత్రి సలుపు తగ్గింది. గుడి మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కుతోంది, దిగడం ఇంకా కష్టమే. కింద కూర్చోవడం మాన్పించాం, పీటకి బదులు స్టూలు. సూదులు లేవు. క్రియాటినిన్ ఉన్నచోటే ఉంది, పెరగలేదు, నాకదే పెద్ద సంగతి.

వీణతీగ_బొబ్బిలి
సంతోషం. లేజర్ ఆపేసి వ్యాయామం మాత్రం కొనసాగించి చూడండి. నొప్పి తిరిగి వస్తే ఫిజియో గారు గెలిచినట్టు, రాకపోతే నేను.

ఫిజియో_కోట
ఒప్పుకున్నాను. ఎటు తేలినా వ్యాయామం ఆపొద్దు.

నాగావళి_గట్టు
మీ అమ్మగారు మాత్రం ఏటంటన్నారు?

ఉద్దానం_కొబ్బరి
ఆ అమ్మాయి చెయ్యి మంచిదట.

రాజాం_రైడర్
మా మావయ్యకి గుండెలో పేస్‌మేకర్ ఉంది, భుజం పట్టేసింది. లేజర్ పెట్టొచ్చా?

ఫిజియో_కోట
లేజర్‌లో కరెంటు ఒంట్లోకి వెళ్ళదు కాబట్టి పేస్‌మేకర్‌తో సాధారణంగా గొడవ ఉండదు. పేస్‌మేకర్ ఉన్న ఛాతీ భాగం మీద మాత్రం పెట్టొద్దు. ఐఎఫ్‌టీ, టెన్స్ అయితే గుండె డాక్టరుని అడగకుండా వద్దు. షుగర్ ఉందా ఆయనకి? భుజం పట్టేసేవాళ్ళలో చాలామందికి ఉంటుంది, ముందు అది చూపించండి.